లైబ్రరీలో పరిచిన మూసీ

2023 జూన్. ఎల్బీ నగర్ చౌరస్తా నుంచి లోపలికి రెండు సందులు తిరిగితే వచ్చే ఒక ప్రైవేటు స్కూలు. మూడో అంతస్తులో చివరి గది లైబ్రరీ. నిశ్శబ్దం పాటించమని గోడకు బోర్డు ఉండేది కానీ, ఆ బోర్డు చదవడానికైనా ఎవరూ లోపలికి వచ్చేవారు కాదు. స్కూలు మొత్తంలో బాగా క్రమశిక్షణ గల గది అదే.

నేనక్కడ లైబ్రరీ అటెండర్ని. పుస్తకాల దుమ్ము దులుపుతాను, చినిగితే అతికిస్తాను, కొత్తవి వస్తే యాక్సెషన్ నంబర్ వేస్తాను. ఆ నంబర్ పుస్తకానికి ఆధార్ కార్డు లాంటిది. వచ్చిన రోజు పడుతుంది, ఇక మారదు. నా సొంత చదువు ఎనిమిదో తరగతి, అదీ దసరా సెలవుల దాకానే. సెలవులయ్యాక వాళ్ళు బడి తెరిచారు, నేను సంచి తెరవలేదు. అలాంటివాణ్ణి ముప్పై ఏళ్ళ తర్వాత తిరిగి పట్టుకొచ్చి పుస్తకాల మధ్య కూర్చోబెట్టారంటే, బడికి నా మీద పాత కోపమేదో ఉండే ఉంటుంది.

ఈ మధ్యలో పందొమ్మిదేళ్ళు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షోరూంలో చేశాను. నాది షో విండో పని. రోడ్డు మీద పోయేవాళ్ళకు అద్దం వెనక కనిపించే బొమ్మలకు చీరలు కట్టడం, కుచ్చిళ్ళకు గుండుసూదులు గుచ్చడం, పైట గాలికి ఎగిరినట్టు కనిపించని నైలాన్ దారంతో కట్టడం. కరోనా తర్వాత యజమాని పై అంతస్తు మూసేసి, బొమ్మల్ని ఉంచుకొని నన్ను పంపించాడు. బొమ్మలు మధ్యాహ్నం అన్నం అడగవు కదా.

లైబ్రేరియన్ పేరు మేరీ సునీత మేడం. నల్గొండ వైపు మనిషి, వాళ్ళ ఊరి పక్క నుంచే మూసీ పోతుంది. పధ్నాలుగేళ్ళుగా ఆ గదిలోనే ఉంది. ఏ పుస్తకం ఏ బీరువాలో ఏ అరలో ఉందో కళ్ళు మూసుకొని చెబుతుంది. అడిగేవాళ్ళు లేరు కాబట్టి అప్పుడప్పుడు నేనే అడిగి ఆమె ముచ్చట తీర్చేవాణ్ణి.

జూన్ చివర ఒక పొద్దున కరస్పాండెంట్ సారు పైకొచ్చాడు. స్కూలు ఆయనదే, స్కూలు కింది నేల వాళ్ళ తాతలది. గది మధ్యలో నిలబడి గోడ నుంచి గోడకు అడుగులు వేసి కొలిచాడు. టైలరు కొలతలు తీస్తున్నాడంటే బట్టకు కత్తెర పడుతుందని అర్థం. నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

"మేడం, ఇంత పెద్ద రూం దుమ్ముకు ఇచ్చి కూసున్నం. ఫౌండేషన్ బ్యాచ్‌కు జాగ లేదు" అన్నాడు. ఫౌండేషన్ బ్యాచ్ అంటే ఆరో తరగతి నుంచే ఐఐటీకి తయారుచేసే సెక్షను.

"పుస్తకాలు ఏడ వెట్టాలె సార్?" అంది మేడం.

"మెట్ల కింద జాగున్నది గద. డబ్బలల్ల వెట్టుండ్రి."

"మరి నేను?"

"రిసెప్షన్ల కూసోన్రి. ఫోన్లు మాట్లాడనీకె మంచి మనిషి గావాలె."

పధ్నాలుగేళ్ళలో గట్టిగా ఒక్క మాట మాట్లాడని మనిషిని ఫోను దగ్గర కూర్చోమంటున్నాడు. మేడం చేతిలో ఉన్న పుస్తకం అట్టను బొటనవేలితో రుద్దుతూ నిలబడింది. నేనే నోరు తెరిచాను, నా నోరు తెరుచుకోవడానికి ఎవరి అనుమతీ అడగదు.

"సార్, లైబ్రరీ నడుస్తుంటే తీసెయ్యరు గద?"

"నడుసుడంటె ఏందనుకున్నవ్? పిల్లలొచ్చి ఫ్యాన్ కింద కూసుంటే నడిచినట్టు గాదు. టీచర్లు పాఠానికి వాడాలె. ఒక్కలన్న లెసన్ ప్లాన్ల లైబ్రరీ అని రాసిండ్రా?" ఇంకా కొంచెం ఆలోచించి అన్నాడు. "దసరా దాక చూస్త."

లెసన్ ప్లాన్ అంటే వచ్చే వారం ఏ పాఠం, ఎలా చెబుతారో టీచర్లు ముందే రాసి సంతకం పెట్టించుకునే పుస్తకం. అందులో 'లైబ్రరీ' అనే మాట పడాలి. లేదంటే మెట్ల కింద డబ్బాలు, రిసెప్షన్‌లో మేడం. అది షరతు.

"డిస్‌ప్లే పెడదామా యాదగిరీ?" అంది మేడం ఆయన వెళ్ళాక.

డిస్‌ప్లే! పందొమ్మిదేళ్ళు నేను తిన్న అన్నం పేరు అది. "మేడం, మీరు ఊకె కూసోని చూడుండ్రి" అన్నాను.

చూసింది. నేను పుస్తకాలను పక్షులు చేశాను. ముప్పై పుస్తకాలను మధ్యకు తెరిచి, నడిమి పేజీలో నైలాన్ దారం వేసి, ఫ్యాను కొక్కేల నుంచీ కిటికీ ఊచల నుంచీ వేలాడదీశాను. అట్టలు రెక్కల్లా విచ్చుకొని ఒక గుంపు కొంగలు కిటికీలోంచి లోపలికి ఎగిరొస్తున్నట్టు ఉంది. కింద అట్టముక్కలతో చెట్లు, వెనక గోడకు పాత నేత చీర ఆకాశం. ఒక పుస్తకం మాత్రం గుంపులోంచి తప్పిపోయినట్టు తలుపు దగ్గర విడిగా ఎగురుతుంటుంది. అలా ఒకటి తప్పిపోతేనే చూసేవాడి కన్ను నిలుస్తుంది, అది షో విండో సూత్రం.

స్కూలంతా విరగబడింది. టీచర్లు కింద నిలబడి ఫోటోలు దిగి స్టేటస్‌లు పెట్టుకున్నారు. కరస్పాండెంట్ సారు కూడా చూసి "మంచిగున్నది" అన్నాడు. రెండు వారాలు నేను నేల మీద నడవలేదు, నా పుస్తకాల పక్కనే ఎగిరాను.

మూడో వారం ఒక మధ్యాహ్నం సోషల్ చెప్పే ప్రసాదరావు సారు వచ్చాడు. తెనాలి మనిషి. మోకాళ్ళ నొప్పులు, పైగా నాలుగేళ్ళలో లైబ్రరీ గడప తొక్కలేదు. మూడంతస్తులు ఎక్కి ఆయాసపడుతూ పైకి చూశాడు.

"ఏవయ్యా యాదగిరీ, ఆ నదుల బొమ్మల పుస్తకం కాస్త దించు. ఏడో తరగతికి ఆ పాఠమే వస్తోంది."

నా నోట్లోంచి ఒక్క క్షణం ఆలస్యం లేకుండా మాట వచ్చింది. "అది డిస్‌ప్లే పీసు సార్, దించరాదు. లోపల వేరేవి సూపిస్త."

ఆయన వేలాడుతున్న పుస్తకాన్ని ఓసారి, నన్ను ఓసారి చూశాడు. "పోనీలేవయ్యా. గుళ్ళో విగ్రహాలని తెలీక అడిగాను" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

వెనక్కి తిరిగితే మేడం ఇష్యూ రిజిస్టర్ తెరిచి పట్టుకొని నిలబడింది. ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్ళారో రాసే రిజిస్టర్ అది. "యాదగిరీ, పిట్టలు మంచిగెగిరినయ్. మూడు వారాలల్ల ఒక్కటన్న దిగిందా చూడు." చూశాను. ముప్పైలో ఒక్కటి కూడా దిగలేదు. పిల్లలు అడిగినా నేను అదే మాట అని పంపేశానని అప్పుడు గుర్తొచ్చింది. "నాలుగేండ్లకు ఒక్క టీచరు పుస్తకం కోసమొస్తే నువ్వే పంపిచ్చినవ్" అంది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. మెల్లగా అంది, పధ్నాలుగేళ్ళ అలవాటు.

నేనేం చేశానో చెప్పాలి. షోరూంలో బొమ్మ మీది చీరను ఎవరడిగినా విప్పం. "అమ్మా, అదే డిజైను లోపలుంది, రండి" అంటాం. లోపల నిజంగానే ఉంటుంది, అదే చీర ఇరవై పీసులు. లైబ్రరీలో లోపల ఏముంది? ప్రతి పుస్తకం ఒక్కటే పీసు. ఆ ఒక్కదాన్నీ తీసుకెళ్ళి పైన వేలాడదీసి, ముట్టుకోవద్దని కాపలా కాశాను. పైగా ఆ పనికి పొగడ్తలు కూడా వసూలు చేశాను.

ఆ ఆదివారం దిల్‌సుఖ్‌నగర్ పోయాను. పని ఏమీ లేదు, ఊరికే మనసు బాగోలేక. పాత షోరూంలో శంకర్ ఇంకా అమ్మకాల్లోనే ఉన్నాడు. తెల్లటి పరుపు మీద మఠం వేసుకొని, ఎదురుగా ఒక పెద్దావిడ, ఆమె కూతురు.

"ఊకె చూస్తున్నం, ఏం గొనం" అంటోంది పెద్దావిడ.

"ఎవలు కొనమన్నరక్కా? చూడనీకె పైసల్ దీస్కోం. ఇంతకు ఏం ఫంక్షన్?"

"చెల్లె బిడ్డ శారీ ఫంక్షన్."

అంతే. శంకర్ ఒకటి విప్పి గాలిలో విసిరాడు. దాని మీద రెండోది, దాని మీద మూడోది. కాసేపటికి పరుపు కనిపించలేదు. ఆమె ఒకటి గుంజి భుజాన వేసుకుంది, కూతురు లాక్కుంది, పక్కన కూర్చున్నవాళ్ళు కూడా చేయి పెట్టారు. ఏదీ కొననని వచ్చినావిడ రెండు పట్టుకొని లేచింది.

శంకర్ మడతపెట్టుకుంటూ నన్ను చూసి నవ్వాడు. "ఏందన్నా, నీ కిటికి ముందట నిలవడి ఫోటోలే దిగుతరు. కొనేది గీ పరుపు మీద్నే. అవ్, విప్పకుంటె ఎవడు గొంటడు?"

పందొమ్మిదేళ్ళు అదే దుకాణంలో పనిచేశాను. నేను విండోలో వీపు లోపలికి పెట్టి నిలబడ్డాను కాబట్టి, వెనక వ్యాపారం ఎలా జరుగుతుందో చూడనేలేదు. కిటికీ మనిషిని గుమ్మం దాకా తెస్తుంది. చీరను ఇంటికి పంపేది పరుపు. దానికన్నా ముందు ఒక ప్రశ్న ఉంది: ఏం ఫంక్షన్?

సోమవారం పొద్దున్నే మెట్లు దిగి స్టాఫ్ రూంకి పోయాను. ప్రసాదరావు సారు టిఫిన్ డబ్బా మూత పెడుతున్నాడు.

"ఏవయ్యా, విగ్రహాలు దిగాయా?"

"దిగినయ్ సార్. తప్పు నాదే. ఇగో మీ పుస్తకం." ఇచ్చి అడిగాను. "నదుల పాఠం ఎన్నడు సార్?"

"వచ్చే గురువారం. ఎందుకు?"

"గా ఒక్క క్లాసు మా రూంల జెప్పుండ్రి సార్. లెసన్ ప్లాన్ల 'లైబ్రరీ' అని ఒక్క ముక్క రాయుండ్రి. పాఠం మీది, పరుపు నాది."

"పరుపా?" అన్నాడాయన అనుమానంగా. "సిలబస్సు వెనకబడితే మీ మేడం వచ్చి చెబుతారా?" కానీ రాశాడు. పెన్ను తీసి రాస్తుంటే భుజం మీదుగా తొంగి చూశాను. నా పేరు వార్తల్లో పడ్డా అంత సంతోషపడను.

ఆ వారమంతా నేనూ మేడం కలిసి మూసీని తయారుచేశాం. బెంచీలన్నీ గోడకు జరిపి, గది నిండా పరుపులు, వాటి మీద తెల్ల దుప్పట్లు. మధ్యలో తలుపు నుంచి కిటికీ దాకా నీలం చీరలు రెండు కలిపి నది. అందులో ఒకటి మా ఆవిడది. "నా చీర మీద ఎవలన్న బూట్లేస్తే నువ్వింటికి రాకు" అని ఇచ్చింది. అందుకని బూట్లు బయటే విడవాలని రూలు పెట్టాం. తలుపు దగ్గర మూసీ పుట్టే అనంతగిరి గుట్టలు, కిటికీ దగ్గర వాడపల్లి, అక్కడ కృష్ణలో కలవడం. మధ్యలో అట్టపెట్టెతో మూసారాంబాగ్ బ్రిడ్జి. నదికి రెండు వైపులా పుస్తకాలు. ఏవీ నిలబెట్టలేదు, కట్టలేదు, అన్నీ తెరిచి పరిచాం. అట్లాసులు, వానల పుస్తకాలు, చేపల పుస్తకాలు, పాత నగరం ఫోటోల పుస్తకాలు. ఏ పుస్తకంలో ఏ పేజీ తెరవాలో మేడం చెప్పేది. పధ్నాలుగేళ్ళుగా ఎవరూ అడగని జవాబులన్నీ ఆ వారం ఆమె నాకు చెప్పింది.

ఒక్కో పేజీ పక్కన ఒక చీటీ. చీటీ మీద ప్రశ్న రాయమని మేడం నాకే ఇచ్చింది.

"నేనా? ఎనిమిది కూడ పూర్తిగాలె మేడం."

"అందుకే నువ్వు రాయాలె. టీచర్లకు జవాబు ముందుగాల్నే తెలుసు. నీకు తెల్వదు గద, నిజంగ అడుగుతవ్."

రాశాను. 'వాన ఇక్కడ పడకపోయినా మూసీ ఎందుకు పొంగుతుంది?' 'నీళ్ళు నల్లగా ఎక్కడ మొదలవుతాయి, మళ్ళీ తెల్లబడతాయా?' 'చేపలు ఏ బ్రిడ్జి దాకా బతుకుతాయి?' పదహారు చీటీలయ్యాయి. పదిహేడోది రాశాను కానీ పుస్తకం దొరకలేదు. 'కాలనీలు కట్టక ముందు మన స్కూలున్న చోట ఏముండేది?' మేడం బీరువాలన్నీ వెతికింది. లేదు. తీసేద్దామన్నాను. "ఉండనియ్. పుస్తకం లేని ప్రశ్న గూడ ఒకటుండాలె" అని ఖాళీ జాగాలో ఆ చీటీ ఒక్కటే పెట్టింది.

గురువారం మూడో పీరియడ్. ఏడో తరగతి పిల్లలు బూట్లు విడిచి పరుపు చూసి ఒక్కసారిగా దూకారు. ప్రసాదరావు సారు మోకాళ్ళ వల్ల కుర్చీ వేసుకొని ఒడ్డున కూర్చున్నాడు. పిల్లలు చీటీలు చదువుతూ, పుస్తకాలు గుంజుకుంటూ, ఒకళ్ళ జవాబు ఇంకొకళ్ళు తప్పంటూ కాసేపట్లో గదిని చేపల మార్కెట్ చేశారు. 'నిశ్శబ్దం' బోర్డు కిందే ఇదంతా. మేడం దాని వైపు చూసి, చూడనట్టు తల తిప్పుకుంది.

బ్రిడ్జి దగ్గర అఖిల అనే అమ్మాయి లేచింది. "సార్, మేం అంతకుముందు మూసారాంబాగ్‌ల కిరాయికుంటిమి. ఇంట్లకు నీళ్ళొచ్చినయ్. గీడిదాక." గోడ దగ్గరికి పోయి చెయ్యి పెట్టి చూపించింది. అది ఆమె తల కన్నా పైన ఉంది.

ప్రసాదరావు సారు కుర్చీలోంచి లేచాడు. సుద్దముక్కతో ఆ చెయ్యి ఉన్నచోట గోడ మీద గీత గీశాడు. "ఇప్పుడు చెప్పండ్రా, ఆ రోజు ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి బయల్దేరి ఉంటాయి? పుస్తకాలు మీ దగ్గరే ఉన్నాయి, వెతకండి." మళ్ళీ తనే నవ్వాడు. "మీరు ఇక్కడ పడేసినవన్నీ చివరికి మా కృష్ణలోకే వస్తాయిరా. కాబట్టి జాగ్రత్తగా చెప్పండి."

సరిగ్గా అప్పుడు తలుపు దగ్గర కరస్పాండెంట్ సారు నిలబడ్డాడు. పరుపులు, చీరలు, గోడ మీద సుద్దగీత, చిందరవందరగా పుస్తకాలు, నది మీద బోర్లా పడుకొని అట్లాసు చూస్తున్న ఇద్దరు పిల్లలు. గత నెల మెచ్చుకున్న కొంగలు ఒక్కటీ లేవు.

"ఏందిది? మంచిగున్నదాన్ని గిట్ల జేసిండ్రు?"

నా నోరు తెరుచుకునేలోపే ప్రసాదరావు సారే చెప్పాడు. "క్లాసు జరుగుతోందండీ. లెసన్ ప్లాన్‌లో రాశాను, మీరు సంతకం పెట్టారు కూడా."

పిల్లల్లో ఒకడు ఖాళీ జాగాలోని చీటీ పట్టుకొని లేచాడు. "సార్, దీనికి పుస్తకం లేదు. స్కూల్ కట్టకముందు ఈడ ఏముండె సార్?" అడిగింది ప్రసాదరావు సారునే. ఆయన తెనాలి మనిషి, ఏం చెబుతాడు? తలుపు వైపు చూశాడు.

కరస్పాండెంట్ సారు చీటీ వైపు చూశాడు. తర్వాత వంగి బూట్లు విప్పాడు. పరుపు మీదికొచ్చి కష్టపడి మఠం వేసుకొని కూర్చున్నాడు.

"ఈడనా? మా తాత జొన్నలేసెటోడు" అన్నాడు. "గా కిటికి అవుతల కుంట ఉండె. ఎండకాలం గూడ నీళ్ళుండేటియి. నేను మీ అంతున్నప్పుడు బర్లను తోల్కపోయి అండ్లనే ఈతగొట్టేది."

"కుంట ఏమైంది సార్?" అంది అఖిల.

ఆయన కిటికీ వైపు తిరిగాడు. "పూడ్చినం బిడ్డా. మేమే" అన్నాడు. గది నిజంగా నిశ్శబ్దమైంది, బోర్డు పెట్టినప్పటి నుంచి మొదటిసారి పిల్లలు ఉండగా. తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. కుంటలోకి నీళ్ళు ఎటు నుంచి వచ్చేవి, ఎటు పోయేవి, ఇప్పుడు వానొస్తే అవి ఎటు పోవాలి. ఆయన చీరల నది పక్కన దుప్పటి మీద వేలితో గీసి చూపించాడు. బెల్లు కొట్టింది. ఎవరూ లేవలేదు, ఆయన కూడా.

వెళ్ళేటప్పుడు బూట్లు తొడుక్కుంటూ మేడంతో అన్నాడు. "ఫౌండేషన్ బ్యాచ్‌ను మా ఆఫీస్ ముందటి విజిటర్స్ రూంల కూసోవెడ్త. గీ రూం ముట్టం." రెండు మెట్లు దిగి మళ్ళీ తిరిగాడు. "గా పుస్తకం లేని ప్రశ్నకు నేను జెప్పింది రాసి పుస్తకం లెక్క పెట్టుండ్రి."

పెట్టాం. ఆయన చెప్పినవీ, పిల్లలు కాలనీలో ముసలివాళ్ళను అడిగి తెచ్చినవీ కలిపి కుట్టాను. అఖిల కొలత కూడా అందులో ఉంది. మేడం దానికి యాక్సెషన్ నంబర్ వేసింది. అంకెలు ముత్యాల్లా పడ్డాయి.

దసరా కల్లా తొమ్మిది మంది టీచర్ల లెసన్ ప్లాన్లలో లైబ్రరీ పడింది. ఇప్పటికీ ప్రతి శనివారం పొద్దున్న స్టాఫ్ రూంకి పోయి చేతులు కట్టుకొని నిలబడతాను. "ఒచ్చే వారం ఏం ఫంక్షన్ సార్?" "భిన్నాలు యాదగిరీ." "భిన్నాలా? కుచ్చిళ్ళతోటి చేద్దాం సార్." చీరకు ఎన్ని కుచ్చిళ్ళు పెడితే ఒక్కోటి ఎంత భాగమో పిల్లలు నాకే నేర్పారు. మధ్యలో వదిలేసిన ఎనిమిదో తరగతిని అలా వాయిదాల్లో పూర్తిచేస్తున్నాను.

చీరల దుకాణంలో మాసిన పీసును వెనక్కి తోసి, డిస్కౌంటు బోర్డు కింద పడేసేవాళ్ళం. లైబ్రరీలో ఆ లెక్క తిరగబడుతుందని నాకు ఆ నదుల పుస్తకం నేర్పింది. ఒకప్పుడు పైన కొంగలా తళతళలాడినది, ఇవాళ దాని వెన్ను మూడుసార్లు విరిగింది, మూడుసార్లూ నేనే అతికించాను. కృష్ణా నది పేజీ మీద ఎవరిదో పప్పు వేలిముద్ర కూడా ఉంది. డిస్‌ప్లే పెట్టేటప్పుడు ఇప్పుడు ముందు వరసలో దాన్నే పెడతాను, తెరిచి, ఆ వేలిముద్ర కనిపించేలా.